ఝాన్సీ శిష్యపరంపర

సుజ్ఞాన విశ్వవిద్యాలయం వీసీ గారు ఏ ఊరు వెళ్లినా ఉత్త చేతులతో తిరిగి రారు. ఒకసారి మైసూరు వెళ్లి ధ్యానం తెచ్చారు. రసాయనశాస్త్రం వాళ్లు స్టవ్వు మీద ద్రావణం పెట్టి కళ్లు మూసుకున్నారు, రెండు బల్లలు కాలిపోయాయి. ఇంకోసారి పుణె వెళ్లి కాగితం లేని పరిపాలన తెచ్చారు. అది ఎంత చక్కగా అమలవుతోందో ప్రతి విభాగమూ మూడేసి ప్రతుల్లో రాసిచ్చింది. ఈమధ్య బెంగుళూరులో ఏదో సదస్సుకు వెళ్లి ఒకే ఒక్క మాట తెచ్చారు. ఆ మాట 'మెంటర్'.

"మన సైన్సు పిల్లలకు తెలివి లేక కాదండీ, దారి చూపేవాడు లేక పాడవుతున్నారు. మన దగ్గర చదివి వెళ్లి బాగుపడ్డ పూర్వ విద్యార్థులు వచ్చి వీళ్ల చెయ్యి పట్టుకుని నడిపించాలి" అన్నారాయన, కారు దిగీ దిగగానే.

మాట మంచిదే. ఎవరు కాదంటారు? కానీ మంచి మాట ఆఫీసులోకి వెళ్లినంత మంచిగా బయటికి రాదు. ఈ మాట వెళ్లింది గరుడాచలం గారి ఆఫీసులోకి.

గరుడాచలం గారు భౌతికశాస్త్రం ప్రొఫెసరు. అయితే ఆయన్ను భౌతికశాస్త్రం పక్కన చూసినవాళ్లెవరూ ఇప్పుడు సర్వీసులో లేరు. వేదిక మీద ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరికి శాలువా, ఎవరికి ఉత్త దండ అన్న విషయాల్లో ఆయన మాటకు తిరుగులేదు. అందుకే ఆయన్ను కొత్తగా పెట్టిన 'పూర్వ విద్యార్థి మార్గదర్శన కేంద్రం' డైరెక్టరును చేశారు. ఆ వారంలోనే గదికి బోర్డు వచ్చింది, ఏసీ వచ్చింది, ఆ వెనకాలే సర్క్యులరూ వచ్చింది.

"ఇందుమూలముగా సమస్త పరిశోధక విద్యార్థులకు తెలియజేయునది ఏమనగా, స్వీయ విభాగపు పూర్వ విద్యార్థి యొకరిని మార్గదర్శకునిగా పొంది, వారి ధ్రువపత్రము జతపరచని యెడల ఎట్టి సిద్ధాంత గ్రంథమూ స్వీకరింపబడదు. మరియు శిష్యస్థానమున నున్నవారు, వారు ఎంతటివారైనను, తమ మార్గదర్శకుని లిఖిత సమ్మతి లేనిదే తమ వృత్తి జీవితమునకు సంబంధించిన ఎట్టి అడుగును వేయరాదు."

ఆ 'ఎంతటివారైనను' అన్న ముక్క రాసినప్పుడు గరుడాచలం గారు తన భాషకు తానే మురిసిపోయారట. దాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ దానితో పనుంది.

సరిగ్గా ఆ రోజే పాలపర్తి ఝాన్సీ తన థీసిస్ పట్టుకుని పరీక్షల విభాగానికి వెళ్లింది. నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు, జిగురు వాసన ఇంకా పోలేదు. వరికి పట్టే పాముపొడ తెగులు మీద ఏళ్ల తరబడి చేసిన పని అది. ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ల నాన్న మడిలోకి ఆ తెగులొచ్చి పంట మొత్తం పడుకుంటే, గట్టు మీద కూర్చున్న ఆయన మొహం చూసి ఆ పిల్ల ఈ చదువులోకొచ్చింది. పెట్టిన గింజ వృథా పోలేదు. విత్తన పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త ఉద్యోగం వచ్చింది. థీసిస్ ఇచ్చినట్టు రసీదు పట్టుకుని నెలాఖరులోగా రమ్మన్నారు, లేకపోతే తర్వాతి పేరు వాళ్లను పిలుచుకుంటామన్నారు.

పరీక్షల విభాగం సూపరింటెండెంటు కనకమహాలక్ష్మి గారు క్యారియరు మూత పెట్టి, చేయి తుడుచుకుని, థీసిస్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంతా బానే ఉందమ్మాయ్. మెంటరేడీ?"

"ఎవరండీ?"

"మెంటరమ్మా. మీ డిపార్ట్‌మెంట్లో చదివి బాగుపడ్డవాడు."

"మా బోటనీలో చదివి బాగుపడ్డవాళ్లాండీ?"

"నేనూ అదే అనుకున్నా. కానీ రూలు రూలే కదా తల్లీ."

"గైడు గారి సంతకం ఉంది కదండీ!"

"గైడు వేరు, మెంటర్ వేరు. థీసిస్ ఎలా రాయాలో గైడు చెప్తాడు. రాశాక ఏం చెయ్యాలో మెంటర్ చెప్తాడు."

"రాశాక తెచ్చి మీకివ్వాలి కదండీ. తెచ్చాను."

"ఆ ముక్క మెంటర్ చెప్పాలి, నువ్వు చెప్తే కాదు" అని కనకమహాలక్ష్మి గారు థీసిస్‌ను భద్రంగా వెనక్కిచ్చేసింది.

బోటనీలో చదివి కంటికి కనబడే దూరంలో ఉన్నవాడు ఒక్కడే. యూనివర్సిటీ గేటు ఎదురుగా కర్రీ పాయింటు పెట్టిన త్రిమూర్తులు. పుట్టగొడుగుల మీద డాక్టరేటు చేసి, లెక్చరరు పోస్టులు పడతాయి పడతాయి అని ఎదురుచూసి, జుట్టు సగం నెరిశాక పొయ్యి వెలిగించాడు. ఇప్పుడు అతని పుట్టగొడుగుల కూర పన్నెండు గంటలకల్లా అయిపోతుంది. అతను ఝాన్సీ చెప్పిందంతా విని, పసుపు వేలితోనే సంతకం పెట్టేశాడు.

"నాకేం తెలుసమ్మా నీకు చెప్పడానికి! నీకు ఉద్యోగం వచ్చింది, వెళ్లి చేరిపో. అదే నా సలహా. ఇదిగో, గుత్తి వంకాయ పట్టుకెళ్లు."

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. అయిపోయేదే, మధ్యలో ఫణి అనేవాడు లేకపోతే. ఫణి ఝాన్సీకి జూనియరు. వాడూ అదే రోజు త్రిమూర్తులు దగ్గరికి వెళ్లి మెంటర్‌గా ఉండమన్నాడు. త్రిమూర్తులు వాడి మొహం చూసి, "ఒరేయ్, నీకు ఆ మైక్రోస్కోపు చూస్తే ఏడుపొస్తోందా లేదా? నిజం చెప్పు" అన్నాడు. వస్తోందన్నాడు వాడు. "అయితే మానేసి ఇలా వచ్చి మసాలా నూరు" అన్నాడు త్రిమూర్తులు. వాడు నూరాడు. పది రోజులు తిరక్కుండా వాడి అమ్మానాన్నలు యాపిల్ పళ్ల బుట్టతో వీసీ గారి గదికొచ్చారు. "మెంటర్ పథకం పెట్టి పుణ్యం కట్టుకున్నారు బాబూ. మా వాడు నవ్వి నాలుగేళ్లయింది, నిన్న నవ్వాడు" అని దండం పెట్టారు.

వీసీ గారు పళ్లు పుచ్చుకుని, వాళ్లు వెళ్లాక గరుడాచలం గారిని పిలిచి చీల్చి చెండాడారు. దారి చూపించమంటే దారి మళ్లిస్తాడా! మరునాటికల్లా సవరణ వచ్చింది. "స్వయముగా మార్గదర్శనము పొందనివారు ఇతరులకు మార్గదర్శనము చేయుటకు అనర్హులు. మార్గదర్శకులు సొంత సలహాలు ఇవ్వరాదు. తమ మార్గదర్శకుని నుండి పొందిన సలహాను మాత్రమే తమ శిష్యునకు అందింపవలెను."

పసుపు సంతకం చెల్లదన్నారు. ఝాన్సీ పరుగున మార్గదర్శన కేంద్రానికి వెళ్లింది.

"చూడమ్మా, ఉపదేశం పొందనివాడు ఉపదేశం చేయరాదు. ఇది మన సంప్రదాయం" అన్నారు గరుడాచలం గారు, ఏసీ కింద శాలువా సవరించుకుంటూ. "దీపం నుంచే దీపం వెలగాలి. త్రిమూర్తులు గారిని మొదట వెలిగించాలి, తర్వాత ఆయన నిన్ను వెలిగిస్తారు."

"మరి మొదటి దీపాన్ని ఎవరు వెలిగిస్తారండీ?"

"మొదటి దీపం గురించి ఫైలు నడుస్తోంది."

"నాకు నెలాఖరే గడువండీ. ఆ ఉద్యోగం పోతే మళ్లీ రాదు సార్."

"ఉద్యోగాలదేముందమ్మా, వస్తుంటాయి పోతుంటాయి. పరంపర ముఖ్యం" అన్నారాయన. ముప్పై ఏళ్లుగా ఒకే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇలాంటి వైరాగ్యం తేలిగ్గా అబ్బుతుంది.

ఈలోపు ప్రతి శనివారం మార్గదర్శన సమావేశాలు తప్పనిసరి చేశారు. కేంద్రంలో కొత్త హాలు, ఎదురెదురుగా కుర్చీలు. ఒక కుర్చీలో పూర్వ విద్యార్థి, ఎదుటి కుర్చీలో పరిశోధక విద్యార్థి. పైనుంచి సలహా ఇంకా దిగలేదు, సొంత సలహా ఇస్తే నేరం. కాబట్టి గంటసేపు అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, టీ బిస్కెట్లు తిని లేచేవారు. సొంత సలహా ఎవరైనా ఇస్తున్నారేమో చూడటానికి ఇద్దరు గుమాస్తాలు వరసల మధ్య తిరిగేవారు. ఒక శనివారం ఝాన్సీ రెండుసార్లు తుమ్మితే, త్రిమూర్తులు ఉండబట్టలేక, "జలుబు చేసినట్టుందమ్మా, మిరియాల కషాయం తాగు" అనేశాడు. పాపం, చేతిలో మెమో పెట్టారు. కషాయం సలహా ఏ మార్గదర్శకుని నుంచి పొందారో మూడు రోజుల్లో తెలుపమన్నారు. "మా అమ్మమ్మ" అని రాసిచ్చాడు త్రిమూర్తులు. ఆవిడ బోటనీ పూర్వ విద్యార్థి కాదని దాన్ని తోసిపుచ్చారు.

త్రిమూర్తులును వెలిగించడానికి అతనికన్నా పాత బ్యాచ్చి మనిషి కావాలి. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, వీసీ గారే బోటనీ పూర్వ విద్యార్థి. ఆయన తెగ సంబరపడిపోయారు. "అలాగా! అయితే నేనే చేస్తాను. పత్రికల వాళ్లకు కబురు పెట్టండి" అన్నారు. అప్పుడు గరుడాచలం గారికి తన సవరణ గుర్తొచ్చింది. వీసీ గారికీ మార్గదర్శకుడు కావాలి కదా! నీళ్లు నములుతూ ఆ మాట చెప్పారు. వీసీ గారు మరింత మురిసిపోయారు. "ఉపకులపతి కూడా శిష్యుడే! ఈ శీర్షిక ఎలా ఉంది?" అన్నారు. చాలా గొప్పగా ఉందన్నారు అందరూ.

ఆయనకన్నా పాతవాళ్లలో ఊళ్లో మిగిలింది ముక్కామల వెంకటరత్నం మాస్టారు. బోటనీ మొట్టమొదటి బ్యాచ్చి. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి ఎప్పుడో రిటైరయ్యారు, ఎనభై దాటాయి. ఆయన్ను ఆటోలో తీసుకొచ్చి, చేతిలో గొడుగు లాక్కుని, మెడలో దండ వేసి, వీసీ గారి చేత కాళ్లకు దండం పెట్టించి ఫొటో తీశారు.

"ఏ బ్యాచ్చి నాయనా నువ్వు?" అని అడిగారు మాస్టారు, వీసీ గారి తల నిమురుతూ.

"మీ తర్వాత చాలా కాలానికండీ."

"ఊఁ. మేం చేరినప్పుడు డిపార్ట్‌మెంటంటే ఓ రేకుల షెడ్డు, ఓ మైక్రోస్కోపు. దారి చూపినవాడు లేడు. చూపిద్దామన్నా దారుంటే కదా! అంతా గడ్డే."

దాంతో అసలు చిక్కు వచ్చిపడింది. మాస్టారికి ముందు బ్యాచ్చి లేదు. ఆయనకు మార్గదర్శనం ఎవరు చేస్తారు? ఆయన వెలగకపోతే వీసీ గారు వెలగరు, ఈయన వెలగకపోతే త్రిమూర్తులు వెలగడు, ఝాన్సీ చీకట్లో ఉంటుంది. పాలక మండలి కూర్చుంది. చాలాసేపు జీడిపప్పు తిన్నాక ఒకాయన, ప్రాంగణంలో వ్యవస్థాపకుల విగ్రహం ఉంది కదా, అంతకన్నా పాతవారెవరున్నారు అన్నాడు. భేష్ అన్నారు. శనివారం మాస్టారిని విగ్రహం ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఎండగా ఉందని ఆయన గొడుగు వేసుకున్నారు. గంట గడిచింది. విగ్రహం సొంత సలహా ఏదీ ఇవ్వలేదని గుమాస్తా సంతకం చేశాడు. నియమాలను ఇంత చక్కగా పాటించిన మార్గదర్శకుడు మరొకరు లేరని గరుడాచలం గారు కొనియాడారు కూడా.

కానీ ఆడిట్ వాళ్లు కొర్రీ వేశారు. విగ్రహానికి బోటనీలో డిగ్రీ లేదు.

అప్పుడు గరుడాచలం గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. "పరంపర సరళరేఖ కానక్కర్లేదు. చక్రం కావచ్చు! అందరికన్నా పెద్దవారికి అందరికన్నా చిన్నవారు మార్గదర్శనం చేస్తారు. విదేశాల్లో ఇది జరుగుతోంది" అన్నారు. విదేశాల్లో అనగానే తీర్మానం నెగ్గింది. ఈ పరంపరలో అందరికన్నా చిన్నది ఝాన్సీ. అయితే మార్గదర్శకులు పూర్వ విద్యార్థులై ఉండాలి. దానికేం భాగ్యం? ఝాన్సీని ముందస్తుగా పూర్వ విద్యార్థిగా ప్రకటిస్తూ అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చేశారు.

ఆ సంగతి ఝాన్సీకి హాస్టల్ గది తలుపుకు తాళం చూశాక తెలిసింది. పెట్టె, బకెట్టు, పరుపు వరండాలో ఉన్నాయి.

"కంగ్రాచ్యులేషన్స్ అమ్మా, పూర్వ విద్యార్థివయ్యావట!" అంది వార్డెను.

ఆ పిల్ల థీసిస్ చంకన పెట్టుకుని పరీక్షల విభాగానికి పరుగెత్తింది. కనకమహాలక్ష్మి గారు జాలిగా చూసింది.

"విద్యార్థులిస్తేనే తీసుకుంటాం తల్లీ. నువ్విప్పుడు పూర్వ విద్యార్థివి."

"థీసిస్ ఇవ్వకుండా పూర్వ విద్యార్థినెలా అయ్యానండీ?"

"అదే మీ మెంటర్‌ని అడుగు."

"నా మెంటర్‌కి వీసీ గారు మెంటరు, వీసీ గారికి మాస్టారు, మాస్టారికి నేనూ!"

"అయితే నిన్ను నువ్వే అడుక్కో అమ్మా" అంది కనకమహాలక్ష్మి గారు. ఆవిడ వెటకారంగా అనలేదు, రూలు ప్రకారమే అంది. ఝాన్సీ అక్కడే మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. నెలాఖరు వారంలోకి వచ్చేసింది. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న, "ఎప్పుడు చేరుతున్నావమ్మా?" అనే అడుగుతాడు. ఏమని చెప్పాలి? ఆ రోజు త్రిమూర్తులు భార్య వచ్చి, పెట్టే బేడా ఆటోలో వేయించి, తమ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టింది.

శనివారం ఝాన్సీని మాస్టారి ఎదుట మార్గదర్శకురాలి కుర్చీలో కూర్చోబెట్టారు. తాతగారి వయసు మనిషికి ఏం చెబుతుంది? తల దించుకు కూర్చుంది.

"మొహమాటపడకమ్మా" అన్నారు మాస్టారు. "నాకీ వయసొచ్చింది, ఇంతవరకూ అందరూ పని పురమాయించినవాళ్లే గానీ సలహా చెప్పినవాడు ఒక్కడూ లేడు. చెప్పు, వింటాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు నా శిష్యుడికి చెప్తాను."

అప్పుడు వెలిగింది ఆ పిల్ల బుర్రలో. తను పైన చెప్పిన మాట చక్రం తిరిగి కిందకి తన దగ్గరికే రావాలి. దారిలో వీసీ గారి మీదుగా వెళుతుంది! నిటారుగా కూర్చుంది.

"మాస్టారూ, కాగితం ఏ రోజుది ఆ రోజు సంతకం పెట్టి పంపించెయ్యాలి. ఎవరి బతుకూ బల్ల మీద ఆపకూడదు. ఇదే నా సలహా."

మాస్టారు ఒక్క అక్షరం పొల్లుపోకుండా వీసీ గారికి అప్పజెప్పారు. వీసీ గారు బ్రహ్మాండం అన్నారు. అయితే ఇంత మోటుగా ఉన్న మాటను కిందకి ఎలా పంపుతారు? భాష సరిచూడమని గరుడాచలం గారికి ఇచ్చారు. ఆయన రెండు రోజులు దాని మీద కూర్చున్నారు. సంతకం బాధ్యతతో కూడినదని చేర్చారు. బాధ్యతకు పరిశీలన అవసరమన్నారు. పరిశీలనకు వ్యవధి కావాలన్నారు. చివరికి దాన్ని చెక్కి చెక్కి ఒక్క వాక్యంగా తేల్చి, కవరులో పెట్టి, త్రిమూర్తులు చేతికిచ్చారు. త్రిమూర్తులు హాల్లో ఝాన్సీ ఎదుట కూర్చుని, గుమాస్తా చూస్తుండగా, కవరు చింపి చదివాడు.

"తగిన సమయము వచ్చువరకు వేచియుండుము."

ఝాన్సీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇది నేను చెప్పిన సలహానా అన్నా!" అంది.

"నాకేం తెలుసు తల్లీ. నాకిచ్చింది నీకిచ్చాను. మధ్యలో ఎవరి తాలింపు పడిందో!" అన్నాడు త్రిమూర్తులు. ఎలాగైతేనేం, చక్రం తిరిగింది. అందరూ వెలిగినట్టు రికార్డులోకెక్కింది. త్రిమూర్తులు సంతకానికి ఇప్పుడు చెల్లుబాటు ఉంది, కానీ ఝాన్సీ విద్యార్థిని కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే.

నెలాఖరు రోజున పరిశీలన బృందం దిగింది. విశ్వవిద్యాలయానికి గ్రేడు ఇచ్చేది వాళ్లే. ఆ గ్రేడును బట్టే వీసీ గారికి రెండోసారి పదవి. ఆ ముక్క అందరికీ తెలుసు కాబట్టి ప్రాంగణంలో చెట్లకు కూడా సున్నం వేశారు. ఆడిటోరియం వేదిక మీద పరంపర మొత్తాన్ని కూర్చోబెట్టారు. ఝాన్సీ, ఆమె పక్కన మాస్టారు, ఆయన పక్కన వీసీ గారు. త్రిమూర్తులు మాత్రం భోజనాలు కూడా అతనివే కావడంతో గరిట పట్టుకుని ద్వారం దగ్గర నిలబడ్డాడు. ఝాన్సీ ఒళ్లో థీసిస్ ఉంది. ఎందుకు తెచ్చిందంటే, దాన్ని వదిలి ఉండటం ఆ పిల్లకి అలవాటు తప్పింది.

గరుడాచలం గారు పరంపరను పౌరోహిత్యం ఫక్కీలో చదివారు. ఎవరికి ఎవరు మార్గదర్శకులో విని బృందం అధ్యక్షుడు తన్మయుడైపోయాడు. "శిష్యస్థానంలో ఉన్నవారు ఎంతటివారైనను అన్నారే, అదండీ నాకు నచ్చింది! దేశంలో ఇలాంటిది నేను చూడలేదు. వీసీ గారూ, ఇదిగో మీ ప్రకటన పత్రం. దీని మీద మీ సంతకం పడితే మేం గ్రేడు రాసేసుకుని భోజనానికి లేస్తాం" అన్నాడు.

వీసీ గారు కలం తీశారు.

"ఆగు నాయనా" అన్నారు మాస్టారు.

"ఈ సంతకం నీ ఉద్యోగానికి సంబంధించిన అడుగే కదా? అడుగు వెయ్యాలంటే నా సమ్మతి ఉండాలి. నీ సర్క్యులరే. నేను సొంతంగా ఏదీ చెప్పకూడదు, అదీ నీ సర్క్యులరే. నా మార్గదర్శకురాలిని అడగనీ." ఆయన ఝాన్సీ వైపు తిరిగి చేతులు కట్టుకున్నారు. "ఏమ్మా, మా వాణ్ణి సంతకం పెట్టమంటావా?"

వీసీ గారు ఝాన్సీని చూశారు. గరుడాచలం గారు చూశారు. బృందం అధ్యక్షుడు ముచ్చటగా చూశాడు. ఝాన్సీ ఒళ్లో ఉన్న థీసిస్ చూసుకుంది. ఆ రోజు సాయంత్రానికి తన బతుకు తేలిపోతుంది, ఇక భయపడి ప్రయోజనమేమిటి? గొంతు సవరించుకుంది.

"తగిన సమయము వచ్చువరకు వేచియుండుము" అంది.

"ఆహా!" అన్నాడు అధ్యక్షుడు. "ఏం నిబ్బరం! మరి తగిన సమయం ఎప్పుడమ్మా?"

"నా థీసిస్ తీసుకున్నప్పుడండీ."

వీసీ గారి కలం గాల్లోనే ఆగిపోయింది. గరుడాచలం గారు వేదిక మీదికి ఒక్క గెంతు గెంతారు. "ఆమె పూర్వ విద్యార్థి! ఆమె దగ్గర థీసిస్ తీసుకోరాదు!"

"అయితే మళ్లీ విద్యార్థిని చెయ్యవయ్యా" అన్నారు మాస్టారు.

"విద్యార్థినిని చేస్తే మార్గదర్శకురాలు కాకుండా పోతుంది! వీసీ గారికి సమ్మతి ఎవరిస్తారు?"

"థీసిస్ ఇచ్చిన మరుక్షణం నేను నిజంగానే పూర్వ విద్యార్థినవుతాను కదండీ" అంది ఝాన్సీ. "అప్పుడిస్తాను. ముందు థీసిస్."

గరుడాచలం గారు అడకత్తెరలో పోకచెక్క అయిపోయారు. వేళ్ల మీద లెక్క వేసుకున్నారు, పెదవులు కదిపారు, ఎక్కడా తప్పు దొరకలేదు. వీసీ గారు పళ్ల బిగువున, "కనకమహాలక్ష్మిని ముద్రతో సహా పిలవండి" అన్నారు. ఆవిడ క్యారియరు వదిలేసి వచ్చింది. ఝాన్సీని విద్యార్థినిని చేస్తూ నిలబడ్డ పళంగా ఉత్తర్వు రాశారు. త్రిమూర్తులు గరిట పక్కన పెట్టి ధ్రువపత్రం మీద సంతకం పెట్టాడు, మళ్లీ పసుపే. కనకమహాలక్ష్మి గారు థీసిస్ పుచ్చుకుని, రసీదు చింపి, చప్పుడయ్యేలా ముద్ర కొట్టి, ఎవరికీ వినబడకుండా, "సుఖంగా ఉండు తల్లీ" అంది. ఝాన్సీ ఆ రసీదు రెండు చేతులా పట్టుకుని కళ్లకద్దుకుంది.

"ఇప్పుడు పెట్టుకోమనండి మాస్టారూ" అంది.

"పెట్టుకో నాయనా" అన్నారు మాస్టారు.

వీసీ గారు సంతకం పెట్టారు. చప్పట్లు మారుమోగాయి. ఝాన్సీ వేదిక దిగి ద్వారం దగ్గరికి వచ్చేసరికి త్రిమూర్తులు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఉద్యోగంలో చేరడానికి నా సమ్మతి కావాలి కదమ్మా" అన్నాడు. "వెళ్లు. పరుగెత్తు. బస్సులో తినడానికి పులిహోర కట్టించాను."

సొంత సలహా! గుమాస్తా మెమో పుస్తకం తీయబోయి, వీసీ గారి మొహం చూసి, మళ్లీ లోపల పెట్టేసుకున్నాడు.

విశ్వవిద్యాలయానికి గొప్ప గ్రేడు వచ్చింది. మార్గదర్శన పథకం వల్ల ఉద్యోగం పొందిన తొలి విద్యార్థిని అంటూ గేటు దగ్గర ఝాన్సీ ఫ్లెక్సీ పెట్టారు. అందులో వీసీ గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ఉంటారు. ఆ ఫొటో ఎప్పుడు తీశారో ఝాన్సీకి ఇప్పటికీ తెలియదు.

ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకు ఝాన్సీ ప్రయోగ క్షేత్రంలో, మోకాళ్లదాకా బురదలో నిలబడి వరి దుబ్బులు చూస్తుంటే ఫోన్ మోగింది. గరుడాచలం గారు.

"నమస్కారమమ్మా. వీసీ గారికి రెండోసారి పదవి ఖాయమైంది. ఢిల్లీ వెళ్లి చేరినట్టు సంతకం పెట్టి రావాలి. మాస్టారేమో, మా అమ్మాయిని అడగందే నేనేమీ చెప్పకూడదంటున్నారు. పరంపర ప్రకారం తమరి సమ్మతి..."

ఝాన్సీ బురద చేతిని చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది.

"సార్, మెంటర్ లేక పరీక్షల విభాగం వెనక్కి పంపిన థీసిస్‌లు ఇంకా ఎన్నున్నాయండీ?"

అవతల ఏసీ చప్పుడులో ఆయన కాగితాలు తిరగేశారు.

"ఉంటాయమ్మా, ఓ పాతికా ముప్పై. వాటి గురించి ఫైలు నడుస్తోంది."

"అయితే వీసీ గారితో చెప్పండి" అంది ఝాన్సీ. "తగిన సమయం వచ్చేవరకు వేచి ఉండమన్నానని."